గుజ్జనగూళ్ళలో రెండు భాషలు

ఇంట్లో కోయ మాట, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడేళ్ల పిల్ల ముందుగా ఏ భాషలో ఆడుకోవాలి? ఖానాపురం హవేలి నుంచి భద్రాచలం అడవి అంచు దాకా అంగన్‌వాడీల ముందున్న ప్రశ్న ఇది.

ఉదయం పదవుతోంది. ఖానాపురం హవేలిలో గ్రానైట్ కోసే యంత్రాల రొద ఎత్తుకుంది. అంగన్‌వాడీ గది ముందు వేపచెట్టు నీడన నలుగురు పిల్లలు వంటకు దిగారు. మూడు రాళ్ళు పొయ్యి. కొబ్బరిచిప్ప గిన్నె. ఇసుక బియ్యం, వేపాకు కూర, చింతపిక్కలు పప్పు. వంట పెత్తనమంతా నాలుగేళ్ల పిల్లది. దాని అమ్మానాన్నలు మిరపకాయలు ఏరడానికి చర్ల అవతలి ఊరి నుంచి వచ్చారు. ఏరుడు అయిపోయాక ఇక్కడే రాళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరారు.

‘ఏర్, ఏర్’ అని చెయ్యి చాపింది ఆ పిల్ల. ఎదురుగా కూర్చున్న తండా పిల్లాడికి అది అర్థమైందో లేదో గానీ, గిన్నెలోకి చూసి ‘పాణి’ అంటూ ఖాళీ సీసా వంచాడు. మూడో వాడు ముఖం చిట్లించి ‘నీళ్ళు ఎక్కువైనయి’ అన్నాడు. పెద్ద తగాదా వచ్చింది. కొబ్బరిచిప్ప తిరగబడింది. ఇసుకంతా మళ్ళీ పోగుచేసి, రెండోసారి పొయ్యి మీదికి ఎక్కించేసరికి ముగ్గురి నోటా మూడు మాటలూ ఆడుతున్నాయి. గది లోపల టీచరమ్మ రిజిస్టర్లో హాజరు వేస్తోంది. ఆయమ్మ కోడిగుడ్లు ఒలుస్తోంది. ఆ కాసేపట్లో చెట్టు కింద జరిగిన చదువు ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు.

పూర్వ ప్రాథమిక విద్య మీద ఇప్పుడు ఇంటింటా మాట నడుస్తోంది. తెలంగాణలో 2025-26 విద్యా సంవత్సరంలో ఎంపిక చేసిన ప్రభుత్వ పాఠశాలల్లో ప్రీ ప్రైమరీ తరగతులు తెరిచారు. అంతకు ముందు ఏడాది జూలైలో ‘అమ్మ మాట - అంగన్‌వాడీ బాట’ పేరుతో పిల్లలను కేంద్రాలకు రప్పించే కార్యక్రమం నడిచింది. చిన్న తరగతుల్లో పిల్లల మాతృభాష ఏమిటో గుర్తించి ఆ భాషలో బోధించాలని 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడులకు చెప్పింది. అయిదేళ్ల లోపు పిల్లలకు ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అన్నదానిపై వాదనలు చాలానే ఉన్నాయి. ఏ నోటితో నేర్పాలన్న మాట మాత్రం ఆ వాదనల్లో ఓ మూలన పడి ఉంది. అడవి పక్క జిల్లాల్లో అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే.

ఒక గదిలోకి ఎన్ని ఊళ్ళు

ఖానాపురం హవేలి ఒకప్పుడు ఖమ్మం పక్కన పంచాయతీ. ఇప్పుడు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. గ్రానైట్ పరిశ్రమ పుణ్యమా అని ఒడిశా, బిహార్ కూలీలు ఇక్కడ కాపురాలు పెట్టారు. ఆనుకునే ఉన్న రఘునాథపాలెం మండలం నిండా లంబాడా తండాలు. మిరప కోతల కాలం వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు పిల్లాజెల్లాతో ఖమ్మం చేలల్లో గుడారాలు వేసుకుంటాయి. పంట అయిపోగానే కొందరు తిరిగిపోతారు, కొందరు పట్నం అంచున పనికి కుదురుతారు.

ఇక్కడి నుంచి నూటికి పైగా కిలోమీటర్లు తూర్పుకు పోతే భద్రాచలం. దాటితే దుమ్ముగూడెం, చర్ల. అక్కడ భాషలు తలకిందులవుతాయి. ఖానాపురం హవేలిలో కోయ మాట ఒక్క పిల్లది. చర్ల మండలం లోపలి గూడేల్లో తెలుగు మాట ఒక్క టీచరమ్మదే కావచ్చు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల గూడేల్లో పిల్లలు తెలుగు వినేదే అంగన్‌వాడీ గడప దాటాక. వారికి తెలంగాణలో ఎస్టీ హోదా కూడా లేదు. కాగితాల మీద ఆ పిల్లలు ఎవరో తేలకపోయినా, ఆకలి వేళకు గుడ్డు పెట్టే ఒకే ఒక సర్కారు గది అంగన్‌వాడీ.

కోయ భాష తెలుగుకు దూరపు చుట్టం. గోండి, కువి భాషలకు దగ్గరి చుట్టం. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవారు నాలుగు లక్షలకు పైనే. దేశంలో ఇంత జనం మాట్లాడే భాషలో మూడేళ్ల పిల్లల కోసం అచ్చయిన బొమ్మల పుస్తకం కావాలంటే వెతుక్కోవాలి.

మాటలు రాని పిల్లలు కారు

కొత్త భాష నడిచే గదిలోకి అడుగుపెట్టిన పిల్ల చాలాసార్లు నోరు మూసుకుంటుంది. వారాలు గడిచినా, ఒక్కోసారి నెలలు గడిచినా మాట్లాడదు. ప్రపంచమంతటా రెండు భాషల పిల్లలతో పనిచేసేవారు దీన్ని బాగా ఎరుగుదురు. ఆ మౌనంలో పిల్ల ఖాళీగా ఏమీ ఉండదు. వింటుంది, పెదవులు చూస్తుంది, ఏ మాటకు ఎవరు లేస్తున్నారో కనిపెడుతుంది. తెలియని పెద్దలు మాత్రం ‘ఈ పిల్లకు మాటలు రావు’, ‘మొద్దు’ అని పేరు పెట్టేస్తారు. ఆ పేరు ఒకటో తరగతి దాకా వెంట వస్తుంది. అయిదో తరగతి లోపే బడి మానేసే ఆదివాసీ పిల్లల కథ చాలామట్టుకు ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

ఈ మౌనాన్ని తిట్టి పోగొట్టలేం. బుజ్జగించినా పూర్తిగా పోదు. ఆట పోగొడుతుంది. దాగుడుమూతలాడటానికి వ్యాకరణం అక్కర్లేదు. ఒకడు కళ్ళు మూసుకుంటే మిగతావాళ్ళు పరుగెత్తాలన్న సంగతి చూస్తే చాలు, తెలుస్తుంది. పరుగెత్తే పిల్ల భయం మరిచిపోతుంది. అప్పుడు తనకు తెలియకుండానే ‘రా’, ‘ఇయ్యి’, ‘నాది’, ‘దొరికిండు’ వంటి మాటలు నోట్లోంచి జారతాయి. కొత్త భాషలో మొదట వచ్చేవి ఇవే. ‘అ అంటే అమ్మ’ కాదు, ‘నా వంతు’.

> గ్రీకు పిల్లలు, జర్మన్ తోట
>
> 1960 మార్చి 30న పశ్చిమ జర్మనీ, గ్రీసు దేశాలు కూలీల ఒప్పందం చేసుకున్నాయి. గ్రీకు పల్లెల నుంచి లక్షలమంది మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వంటి నగరాల ఫ్యాక్టరీలకు వలస వెళ్ళారు. వారి మనవలు, మునిమనవల కోసం ఇప్పుడు జర్మనీ నగరాల్లో రెండు భాషల శిశువిహారాలున్నాయి. వీటిలో ఎక్కువచోట్ల పద్ధతి ఒకటే: ఒక టీచరు పిల్లలతో గ్రీకే మాట్లాడుతుంది, మరో టీచరు జర్మనే మాట్లాడుతుంది. ఇసుకగుంటలో పిల్లలు ఏ భాషలో పోట్లాడుకోవాలో వారి ఇష్టం. బెర్లిన్‌లో 1992లో మొదలైన ప్రభుత్వ ఐరోపా పాఠశాలల్లో గ్రీకు-జర్మన్ విభాగం ఉంది. ఏథెన్స్ నగరంలో జర్మన్ పాఠశాల 1896 నుంచి నడుస్తోంది. వలస కూలీ బిడ్డకు తన భాషతోపాటు పనిచేసే దేశపు భాషనూ ఆటలోనే అందివ్వాలన్న ఆలోచన ఖానాపురం హవేలికి పరాయిదేమీ కాదు.

కర్రముక్కలతో మొదలైన కథ

‘పిల్లల తోట’ అన్న ఆలోచన పుట్టిందే జర్మనీలో. ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒక బడి తెరిచాడు. 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. ఊలు బంతులు, కర్ర గోళం, ఘనం, స్తూపం, చిన్నచిన్న చెక్కముక్కలు పిల్లల చేతికిచ్చి, పాటలు పాడించి, మొక్కలు నాటించాడు. అది పాలకులకు ఎంత ప్రమాదకరంగా తోచిందంటే 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటేడు ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం 1860 దాకా ఉంది.

ఈలోగా ఆయన శిష్యులు దేశాలు పట్టారు. అమెరికాలో తొలి కిండర్‌గార్టెన్ 1856లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో మొదలైంది. మార్గరెటె షుర్జ్ అనే వలస తల్లి తన పిల్లల కోసం, చుట్టాల పిల్లల కోసం దాన్ని పెట్టింది. అక్కడ పిల్లలు ఆడింది, పాడింది జర్మన్‌లో. ఇంగ్లీషులో నడిచే కిండర్‌గార్టెన్ బోస్టన్‌లో 1860లో గాని రాలేదు. ఇవాళ మన వీధి చివర ‘కిండర్‌గార్టెన్’ బోర్డు చూసి, ఇంగ్లీషు నేర్పే చోటు అనుకుని ఫీజు కట్టే అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియాలి. ఇంగ్లీషు మాట్లాడే అమెరికాలో అది ముందుగా పుట్టింది ఇంటి భాషలోనే.

మన నేలకు ఈ ఆలోచన వచ్చిన దారి మరీ ఆసక్తికరం. 1907లో రోమ్‌లో పేదల వాడలో శిశుగృహం తెరిచిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో ఆమె మీద ఆంక్షలు పెట్టారు. యుద్ధం ముగిసేదాకా ఆమె ఇక్కడే ఉండి వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. సరిగ్గా అదే కాలంలో వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ కూడా ‘శత్రుదేశస్థుడే’. ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోవడానికి ఆయన సాయం కోరింది. 1943లో ఆదిలాబాద్ అడవిలోని మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తీర్చే కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే తొలి వాచకాలు తయారయ్యాయి. టీచరు గూడెం మనిషి, పిల్లలకు మొదట చదివించేది గూడెం భాష. ఎనిమిది దశాబ్దాల కిందట, తెలంగాణ గడ్డ మీదే ఈ పని జరిగింది.

బడికి రాకపోతే వాకిట్లోకే

అంగన్‌వాడీ అన్న మాటలోని వాకిలి మహారాష్ట్రది. దాని వెనక కథ మాత్రం గుజరాత్‌లో మొదలైంది. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిర్ తెరిచారు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ మనకు ‘పగటి కల’గా తెలుసు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో ఇప్పటి మహారాష్ట్రలోని బొర్డీ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళారు. అనూతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. వెలివాడ పిల్లలూ వార్లీ ఆదివాసీ పిల్లలూ అక్కడ తెరిచిన బాలవాడీకి రాలేదు. చెల్లెళ్ళను ఎత్తుకోవాలి, మేకలు కాయాలి, కట్టెలు తేవాలి. అప్పుడు వీరిద్దరూ బడిని ఎత్తుకుని వాడ నడుమ వాకిట్లోకే తీసుకుపోయారు. పశువులు కాచే పిల్లల కోసం బీడు భూముల్లోనే బడి పెట్టారు. 1957లో వారి పని కోస్‌బాడ్ కొండకు మారింది. ఖరీదైన మాంటిస్సోరి సామాను బదులు గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళు వాడారు.

ఆ వాకిలి బడి పేరే 1975 అక్టోబర్ 2న దేశం మొత్తానికి వచ్చింది. 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. తెలంగాణలో 35,700కు పైగా. యాభై ఏళ్లలో ఈ వ్యవస్థ కోట్లమంది పిల్లల కడుపు నింపింది, టీకాలు వేయించింది, బరువు చూసింది. దీనికి చేతులెత్తి మొక్కాలి. అయితే బాలామృతం సంచులు, గుడ్ల లెక్క, పోషణ్ ట్రాకర్, సర్వేలు, ఓటరు జాబితాల పని టీచరు నెత్తిన పడ్డకొద్దీ ఆట వెనక్కి జరిగింది. రోజుకు కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్యకే కేటాయించాలని 2023లో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ తెచ్చింది. ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయన్నదే అసలు విషయం.

చింతపిక్కల చదువు

‘ఆడుకుంటూ పోతే చదువెప్పుడు?’ అని అడిగే పెద్దలకు ఒక్కసారి వామనగుంటల పక్కన కూర్చోమని చెప్పాలి. నేల మీద రెండు వరుసల గుంటలు. గుప్పెడు చింతపిక్కలు. నాలుగేళ్ల పిల్ల పదీ పదకొండూ అంకెల పేర్లు చెప్పలేకపోవచ్చు. ఏ గుంటలో పిక్కలు తక్కువపడ్డాయో మాత్రం చూడగానే పట్టేస్తుంది. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోవడమంటే ఒక వస్తువుకు ఒక అంకె చొప్పున జతచేయడం. గణితానికి అదే పునాది. అది రాని పిల్ల వంద దాకా అంకెలు అప్పజెప్పినా లెక్క రానట్టే.

చెమ్మచెక్కలో చేతులు తట్టుకునే దెబ్బ ఒక్కొక్కటీ పదంలోని ఒక్కొక్క అక్షరం మీద పడుతుంది. మాటను ముక్కలుగా వినడం పిల్లకు అలా అలవాటవుతుంది. రేపు గుణింతం పలక మీదికి వచ్చినప్పుడు ఆ చెవి పనికొస్తుంది. కోతికొమ్మచ్చిలో, అష్టాచెమ్మాలో వంతు కోసం ఆగాలి. ఓడితే ఏడుపు దిగమింగుకుని మళ్ళీ కూర్చోవాలి. ఏడేళ్ళు వచ్చాక తరగతిలో నలభై నిమిషాలు నిలకడగా కూర్చోగలిగేది అలా ఆగడం నేర్చినవాళ్ళే.

అన్నిటికన్నా లోతైనవి ఉత్తుత్తి ఆటలు. బొమ్మరిల్లు, అంగడి, పెళ్ళి, సూది వేసే నర్సమ్మ. ‘ఇది ఏమిటి?’ అని టీచరు అడిగితే ‘ఆకు’ అని ఒక్క మాటతో సరిపెట్టే పిల్ల, అంగడి ఆటలో కూరలమ్మి అయ్యేసరికి బేరమాడుతుంది, కోప్పడుతుంది, అప్పు ఇవ్వనంటుంది. ఒకరి బదులు మరొకరై మాట్లాడటం, లేనిది ఉన్నట్టు ఊహించడం, ముందేం జరిగిందో తర్వాతేం జరగాలో చెప్పడం అన్నీ అందులోనే. కథ చదివి అర్థం చేసుకోవడానికి కావాల్సిన సామగ్రి ఇదంతా.

ఇక ఉత్తుత్తి ఆట సొంత భాషలోనే పండుతుంది. వచ్చీరాని భాషలో పిల్ల వస్తువుల పేర్లు చెప్పగలదు గాని అమ్మలా గదమాయించలేదు, తాతలా నిట్టూర్చలేదు. ఆటలో చదువు ఉందని ఒప్పుకున్నాక, ఆ ఆట ఇంటి భాషలో జరగనివ్వాలనీ ఒప్పుకోవాలి. లేకపోతే కోయ పిల్లకు ఇచ్చేది సగం ఆటే.

అడవి పక్క ఆట సామానుకు కొదవ లేదు. తునికి గింజలు, మోదుగాకులు, వెదురు కణుపులు, ఈతాకులు, బంకమన్ను. వేసవి మొదట్లో తెల్లారకుండా తల్లుల వెంట ఇప్పపూలు ఏరిన పిల్లలకు ఏది కొత్త పువ్వో ఏది వాడిందో వేరుచేయడం వచ్చు. మట్టి ఎడ్లు చేయడం, చిన్న విల్లంబు పట్టడం, కొమ్ము నాట్యంలో డోలు దెబ్బకు అడుగు కలపడం, రేలా పాటకు వంత పాడటం చూస్తూ పెరుగుతారు. ఇవన్నీ తెలిసిన పిల్ల అంగన్‌వాడీకి వచ్చి గోడ మీది ఆపిల్ బొమ్మ ముందు మాటలు రాక నిలబడుతుంటే, లోపం ఎవరిది?

> మాయా పెట్టెలో ఏముంది
>
> మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2022 అక్టోబర్‌లో వచ్చింది. దాని వెంట 2023 ఫిబ్రవరి 20న ‘జాదూయీ పిటారా’ అనే ఆటల పెట్టెను విడుదల చేశారు. తోలుబొమ్మలు, పజిళ్ళు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు, ఆట వస్తువులతో 13 భారతీయ భాషల్లో తెచ్చారు. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి మించి జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. విద్యాహక్కు చట్టం మాత్రం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వారికే. అంతకంటే చిన్నవారికి పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వాలు ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అంటుంది. ఆ ‘చేయవచ్చు’ ఇంకా ‘చేయాలి’ కాలేదు.

పలక మీద ప్రేమ

తల్లిదండ్రులను తప్పుపట్టే ముందు వారి మాట వినాలి. గ్రానైట్ దుమ్ము మింగుతూ పన్నెండు గంటలు నిలబడే తండ్రికి చదువంటే పలక. మనది అక్షరాభ్యాసాన్ని పండుగలా చేసుకునే జాతి. బాసరకు పోలేనివారు కూడా ఇంట్లో బియ్యంలో పిల్లల వేలు పట్టి రాయిస్తారు. ఆ బిడ్డ మధ్యాహ్నం ఇంటికొచ్చి ‘ఈ రోజు వంట ఆట ఆడినం’ అంటే ఆయన గుండె జారుతుంది. పక్కింటి పిల్లవాడు పసుపుపచ్చ వ్యానులో ఎల్‌కేజీకి పోతున్నాడు, నాలుగు గీతల కాపీ నింపుతున్నాడు. తన బిడ్డ వెనకబడిందనుకుంటాడు. ఆ భయం న్యాయమైనదే.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు పేదవాడికి కూడా దక్కాలి. దాన్ని వద్దనే హక్కు తమ పిల్లలను ఇంగ్లీషులో చదివించుకున్న మనలాంటివారికి లేదు. అయితే చర్ల గూడెం పిల్లకు ఇంగ్లీషు మూడో భాష. మొదటిది గట్టిపడకుండా రెండోది, రెండోది నిలవకుండా మూడోది మోపుతున్నాం. మాతృభాషలో కథ చెప్పడం వచ్చిన పిల్లే ఇంగ్లీషును త్వరగా అందుకుంటుంది. ఏమిటి, ఎందుకు, తర్వాతేమైంది అన్న ప్రశ్నలు ఒక్కసారి నేర్చుకుంటే అవి ఏ భాషలోకైనా వస్తాయి.

తండ్రికి ఈ మాట ఉపన్యాసంగా చెబితే ఎక్కదు. నెలకోసారి జరిగే తల్లుల సమావేశంలో పిల్లల చేతనే అంగడి ఆట ఆడించి చూపించాలి. తన పిల్ల ఇద్దరితో రెండు భాషల్లో బేరమాడటం కళ్ళారా చూసిన తల్లి, పలక ఏదని అడగడం కొంతకాలం మానేస్తుంది.

వాచకం వచ్చింది, అంగన్‌వాడీ దాకా రాలేదు

మాతృభాషలో బోధన కొత్త కోరిక కాదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు చేయాలని చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో దేశానికి దారి చూపింది. గోండి, కోలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే వాచకాలు అచ్చువేసింది. ఆ భాష మాట్లాడే టీచర్లు, గూడెం పెద్దలు, చిత్రకారులు కూర్చుని పాఠాలు తయారుచేశారు. ఒడిశా 2007లో పది ఆదివాసీ భాషలతో మొదలుపెట్టింది. అక్కడితో ఆగకుండా అంగన్‌వాడీ పిల్లల ‘నువా అరుణిమ’ ఆటపాటల పుస్తకాలను కూడా ఆదివాసీ భాషల్లోకి తెచ్చింది. మనం ఒకటో తరగతి దగ్గర ఆగిపోయాం.

2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు కింద భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఒకే మాట మాట్లాడే కోయ గూడేల మధ్యకు రాష్ట్ర సరిహద్దు వచ్చింది. చింతూరు పిల్లలు ఒక ప్రభుత్వం కింద, చర్ల పిల్లలు మరో ప్రభుత్వం కింద చదువుతున్నారు. ‘కోయ భారతి’ వంటి వాచకాలు తర్వాత వచ్చాయి, మంచిదే. అవీ బడి పిల్లలకే. మూడు నుంచి ఆరేళ్ల దాకా, నోరు విప్పాల్సిన మూడేళ్లూ, పిల్లను తెలియని భాషలో ఉంచి ఆరో ఏట ఆమె భాషలో పుస్తకం చేతికివ్వడం తలకిందుల పని.

న్యూజిలాండ్‌లో మావోరీ జనం ఈ సంగతిని ముందే గ్రహించారు. తమ భాష పిల్లల నోట మాసిపోతోందని 1982లో ‘కోహంగా రియో’ శిశు కేంద్రాలు మొదలుపెట్టారు. వాటిలో డిగ్రీల కంటే ముందు అవ్వలను, తాతలను కూర్చోబెట్టారు. పిల్లలు వారి ఒడిలో ఆడుతూ భాష నేర్చారు. భాష ముందు శిశువిహారంలో, ఆ తర్వాతే బడిలో.

ఆయమ్మను టీచరు పక్కన నిలబెట్టండి

ఇంతకీ రెండు భాషల తరగతి నడపటానికి పెద్ద సౌకర్యాలేవీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు కావాలి. అంగన్‌వాడీలో ఇప్పటికే ఇద్దరున్నారు, టీచరు, ఆయా (కాగితాల మీద హెల్పర్). గూడెం అంగన్‌వాడీలో ఆయమ్మ చాలావరకు ఆ ఊరి మనిషే. పిల్లలందరూ ఆమెకు మేనకోడళ్ళు, మనవరాళ్ళ వరస. ఏడ్చే పిల్లను సముదాయించేది, ఒంటికి రెంటికి తీసుకుపోయేది, బువ్వ తినిపించేది ఆమే. అన్నీ కోయలోనే చేస్తుంది. ఆమె మాటను మాత్రం మనం చదువుగా లెక్కపెట్టలేదు.

పని పంచుకునే తీరు ఒక్కటి జాగ్రత్తగా పాటించాలి. టీచరు ఒక్కో వాక్యం తెలుగులో చెబితే, ఆయమ్మ వెంటనే దాన్ని కోయలోకి మార్చకూడదు. అలా చేస్తే పిల్ల తెలుగు వినడం మానేసి కోయ కోసం కాచుకుని ఉంటుంది. సోమవారం ఆయమ్మ కోయలో కథ చెప్పాలి, పిల్లలు దాన్ని ఆడాలి. రెండు రోజులాగి అదే కథను టీచరు బొమ్మలతో తెలుగులో ఆడించాలి. కథ తెలుసు కాబట్టి కొత్త మాటలు భయపెట్టవు. కొత్త విషయం ఏదైనా ముందు ఇంటి భాషలో చెప్పాలి. తెలుగు పాటలో, పరుగులో, వంతుల ఆటలో రావాలి. ఖానాపురం హవేలి వంటి చోట లెక్క మారుతుంది. అక్కడ కోయ వచ్చిన ఆయమ్మ ఉండకపోవచ్చు, లంబాడీ వచ్చిన తల్లి ఉండవచ్చు. వారానికో పూట ఆ తల్లులను, అవ్వలను గదిలోకి పిలిచి, వారి ఆట ఆడించమనాలి. ఆ పూట కూలీ పోయినందుకు వారికి డబ్బులు ఇవ్వాలి. ఊరికే సేవ చేయమనడం పేదలకే చెబుతాం. అది మానుకుందాం.

ఆయమ్మ శిక్షణకు కొన్ని రోజులు కావాలి. ఏ ఆటలో ఏ మాట పెంచాలి, పిల్ల ఒక్క మాట అంటే దాన్ని మూడు మాటలుగా ఎలా తిరిగి అనాలి, అవ్వల కథలను ఎలా పోగు చేయాలి వంటివి. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఈ పని చేయగల అనుభవం ఉంది. కోయ మాట్లాడే, కోయలో వాచకాలు రాసిన టీచర్లున్నారు. వారి చేత మూడేళ్ల పిల్లల కోసం బొమ్మల కథలు, ఆటపాటలు రాయించి, ఫోన్‌లో వినగలిగేలా ఆ గొంతులు రికార్డు చేయిస్తే, అక్షరం రాని ఆయమ్మ కూడా విని ఆడించగలదు.

వేతనమూ ముడిపడి ఉంది. పిల్లలకు రెండో భాష టీచరుగా నిలబడే మనిషికి హెల్పర్ గౌరవ వేతనం ఇచ్చి చేతులు దులుపుకోవడం తగదు. భాషా బాధ్యతకు విడిగా భత్యం కట్టాలి. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం 14,236 అంగన్‌వాడీ పోస్టుల భర్తీకి నిర్ణయం తీసుకుంది. అందులో టీచర్లు 6,399, హెల్పర్లు 7,837. ఏజెన్సీ మండలాల్లో ఆ పోస్టుల ఎంపికలో గూడెం పిల్లల భాష మాట్లాడగలగడాన్ని అర్హతగా చేర్చాలి. ఇంటర్ చదివి తెలుగు మాత్రమే వచ్చిన అభ్యర్థి ఎదుట పదో తరగతితో ఆగిపోయిన కోయ యువతి నిలబడితే, ఆమెకు చదువు పూర్తిచేసుకునే గడువిచ్చి ఉద్యోగం ఇవ్వాలి. మార్లవాయిలో 1943లో గోండు యువకులను టీచర్లను చేసినప్పుడు వారి దగ్గరా డిగ్రీలు లేవు.